కంప్యూటర్ నిద్ర: ముందేది, వెనకేది

ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రపోవాలి, తీస్తే లేవాలి. మనం దాన్ని అడిగేది ఇంతే. అయినా పెడనలో, బందరులో, గుడివాడలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లను ఎవర్ని కదిపినా ఈ నిద్ర గొడవలు చెబుతారు. "రాత్రి మూతేసి పడుకున్నానండీ, తెల్లారి చూస్తే చార్జింగ్ సున్నా" అంటారొకరు. "సంచిలో పెట్టుకుని రైలెక్కాను, దిగేసరికి చెయ్యి పెట్టలేనంత వేడి" అంటారు ఇంకొకరు. మూడో ఫిర్యాదు వేరు: "సెట్టింగ్ మార్చానండీ, బ్రహ్మాండంగా పనిచేసింది. కరెంటు పోయి వచ్చాక ఆన్ చేస్తే మళ్లీ మొదటికొచ్చింది." ఈ మూడోది అర్థమైతే మొదటి రెండింటికీ చాలాసార్లు దారి దొరుకుతుంది. అందుకే ఇవాళ దాని సంగతే చెబుతాను.

ముందు ఈ నిద్ర ఎన్ని రకాలో చూద్దాం. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని విడుదల చేశాయి. కరెంటు వాడకం గురించి మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేరూ ఆపరేటింగ్ సిస్టమూ ఎలా మాట్లాడుకోవాలో అందులో రాశారు. అందులో ఎస్3 అనే నిద్రలో ప్రాసెసర్, డిస్కు, స్క్రీను ఆగిపోతాయి, ర్యామ్‌కు మాత్రం సన్నగా కరెంటు అందుతూ ఉంటుంది. ఎస్4ను మనం హైబర్నేట్ అంటాం. ర్యామ్‌లో ఉన్నది డిస్కు మీద రాసిపెట్టుకుని పూర్తిగా ఆగిపోతుంది, బ్యాటరీ ఊడదీసినా పోయేదేమీ లేదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు మరో పద్ధతి మొదలైంది. స్క్రీను ఆరిపోతుంది గానీ యంత్రం నిజంగా ఆగదు. సెల్‌ఫోన్ మాదిరి కునుకు తీస్తూ, నెట్ నుంచి ఏమైనా వస్తే లేచి చూసుకుంటూ ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఎస్3 అసలు ఉండటం లేదు, తయారీదారే తీసేశాడు. సంచిలో వేడెక్కే ల్యాప్‌టాప్‌ల కథ చాలావరకు ఇదే.

కాబట్టి ఏ సెట్టింగూ ముట్టుకోకముందు మీ యంత్రానికి ఏ నిద్రలు వచ్చో అడగండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, ఏ అని కొడితే ఉన్నవీ లేనివీ జాబితా ఇస్తుంది. లేనిది ఎందుకు లేదో కూడా చెబుతుంది. లినక్స్‌లో సిస్ అనే ఫోల్డరులో, పవర్ అనే ఫోల్డరులో మెమ్ స్లీప్ అనే ఫైలు ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో వచ్చిన 4.10 కెర్నల్‌తో, అంటే లినక్స్ మూలభాగంతో, అది వచ్చింది. దాన్ని చదివితే రెండు మూడు మాటలు కనిపిస్తాయి. ఎస్2ఐడిల్ అంటే కునుకు, డీప్ అంటే ఎస్3. చతురస్ర బ్రాకెట్లలో ఉన్నదే ఇప్పుడు వాడుకలో ఉన్నది. డీప్ అన్న మాటే అక్కడ లేకపోతే, దాన్ని తెప్పించడానికి మీరు పెట్టే శ్రమ చాలావరకు వృథా. కనిపించీ బ్రాకెట్లలో లేకపోతే మాత్రం మార్చుకోవచ్చు.

గొడవ ఇక్కడే మొదలవుతుంది. ఆ ఫైలు డిస్కు మీద ఉండే ఫైలు కాదు. ఆన్ చేసిన ప్రతిసారీ కెర్నల్ దాన్ని కొత్తగా ర్యామ్‌లో సృష్టిస్తుంది. మీరు రాసిన మాట కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. మరుసటిసారి ఆన్ చేసినప్పుడు ఎవరో ఒకరు మళ్లీ రాయాలి. ఎవరు రాయాలి, ఎప్పుడు రాయాలి అన్నదే చిక్కు. మెమ్ స్లీప్ వరకైతే సులువే. కెర్నల్‌ను లేపే బూట్‌లోడర్ సెట్టింగుల్లో మెమ్ స్లీప్ డిఫాల్ట్ ఈక్వల్స్ డీప్ అని ఒక్క మాట చేరిస్తే, కెర్నల్ లేస్తూనే దాన్ని పాటిస్తుంది. ఎవరి కోసమూ ఆగే పని లేదు. పరికరాలతో ముడిపడిన సెట్టింగులు అంత సులువుగా లొంగవు.

పెడనలో ఒక అద్దకం షెడ్డులో చూసిన సంగతి చెబుతాను. అచ్చులు వేసే పొడవాటి బల్ల, దాని పక్కనే లెక్కలకూ ఆర్డర్లకూ పెట్టుకున్న లినక్స్ కంప్యూటర్. కీబోర్డుకూ మౌస్‌కూ కలిపి ఒకటే వైర్‌లెస్ రిసీవర్, యూఎస్‌బీలో గుచ్చి ఉంది. చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక గుద్దు గుద్దుతారు గదా. ఆ అదురుకు పక్క బల్ల మీది మౌస్ కదులుతుంది, నిద్రపోతున్న కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. మళ్లీ నిద్ర, మళ్లీ గుద్దు. ఆ రిసీవర్ తనను తాను కీబోర్డునని పరిచయం చేసుకుంటుంది. కీబోర్డుకు యంత్రాన్ని లేపే హక్కు లినక్స్ ముందే ఇచ్చి ఉంచుతుంది. రిసీవర్ ఒక్కటే కాబట్టి ఆ హక్కు మౌస్‌కూ దఖలు పడింది.

హక్కు తీసెయ్యడం చేత్తో అయితే క్షణంలో పని. ఆ పరికరం పేరుతో ఉన్న ఫోల్డరులో పవర్, అందులో వేకప్ అనే ఫైలు. అందులో డిసేబుల్డ్ అని రాస్తే చాలు. తర్వాత పవర్ బటన్ నొక్కితేనే లేస్తుంది. దీన్నే ఒక చిన్న స్క్రిప్టుగా రాసి, ఆన్ అవగానే నడిచేలా పెట్టారు. మర్నాడు చూస్తే పనిచెయ్యలేదు. అదే స్క్రిప్టును చేత్తో నడిపితే పనిచేస్తుంది! లాగ్ తెరిస్తే అసలు సంగతి తెలిసింది: ఆ ఫైలు లేదు అని రాసి ఉంది. స్క్రిప్టు నడిచే వేళకు కంప్యూటర్ ఇంకా ఆ రిసీవర్‌ను పలకరించనేలేదు. పరికరం దొరకనిదే దాని ఫోల్డరు పుట్టదు. ఫోల్డరు లేనిదే రాతా లేదు.

ఇక్కడ నూటికి తొంభైమంది చేసేది, స్క్రిప్టు మొదట్లో పది సెకన్లు ఆగమని రాయడం. ఆ వేళకు రిసీవర్ వచ్చేస్తుంది, పని జరుగుతుంది, అందరూ సంతోషిస్తారు. నాకు ఈ మందు నచ్చదు. డిస్కు మార్చినా, ఇంకో హబ్బు తగిలించినా ఆ పది సెకన్లు చాలకపోవచ్చు. పైగా రిసీవర్‌ను ఊడదీసి మళ్లీ గుచ్చితే ఆ ఫోల్డరు పోయి కొత్తది వస్తుంది, పొద్దున రాసింది దాంతో పాటే పోతుంది. పది సెకన్లు కాదు, పది నిమిషాలు ఆగినా దానికి జవాబు లేదు.

ఈ తేడాను పెడన వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరవేస్తారు. తర్వాత ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టి తీసిన కసింకారంతో నల్ల అచ్చు. కరక్కాయ వగరు తగిలితేనే ఆ ఇనుప నీళ్లు నలుపు తిరుగుతాయి. ఎరుపు రావలసిన చోట పటిక అచ్చు. అది బాగా ఆరాక పారే నీళ్లలో ఉతికి, రంగు కాగులో ఉడకేస్తారు. పటిక పడిన చోటే ఎరుపు నిలుస్తుంది. సరుకులన్నీ ఇంట్లో ఉన్నా వరస తప్పితే గుడ్డ చెడుతుంది. ఇంకో మాట. ఉతకడానికి తీసేటప్పుడు పనివాళ్లు గడియారం చూడరు, అచ్చు ఆరిందా లేదా అని గుడ్డ పట్టుకు చూస్తారు. ముసురు పట్టినప్పుడు ఆలస్యం, ఎండల్లో తొందర. పది సెకన్ల స్క్రిప్టుకు ఆ చూపు లేదు.

లినక్స్‌లో ఆ చూపు ఉన్నది యూడెవ్‌కు. ఏ పరికరం వచ్చినా పోయినా కెర్నల్ ముందు కబురు చెప్పేది దానికే. అక్కడ ఒక నియమం రాసి పెట్టుకుంటాం: కొత్త పరికరం వచ్చినప్పుడు, అది యూఎస్‌బీదైతే, దాని తయారీదారు సంఖ్య ఇదీ మోడల్ సంఖ్య ఇదీ అయితే, దాని వేకప్‌లో డిసేబుల్డ్ అని రాయి. ఆ రెండు సంఖ్యలూ ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండు ఇస్తుంది. ఇక రిసీవర్ మూడో సెకనులో రానీ, మధ్యాహ్నం భోజనాలయ్యాక గుచ్చనీ, వచ్చిన క్షణంలోనే రాత పడుతుంది. నిరీక్షణే లేదు. ఆ షెడ్డులో ఇప్పుడు గుద్దులు గుద్దుతూనే ఉన్నారు, కంప్యూటర్ పడుకునే ఉంటుంది.

ఈ వరస గొడవ పాతకాలం లినక్స్‌లో ఇంతగా ఉండేది కాదు. అప్పట్లో బూటింగులో నడవాల్సిన స్క్రిప్టుల పేర్ల ముందు అంకెలు వేసేవారు. పది తర్వాత ఇరవై, ఇరవై తర్వాత ముప్ఫై. ఒకటి పూర్తయితేనే రెండోది. నెమ్మదే గానీ ఏది ముందో ఏది వెనకో అందరికీ కనిపించేది. 2006లో ఉబుంటు ఆ పద్ధతి స్థానంలో అప్‌స్టార్ట్‌ను తెచ్చింది. 2010లో లెన్నార్ట్ పోటెరింగ్, కే సీవర్స్ అదే పనికి సిస్టమ్‌డీని ప్రకటించారు. 2011లో ఫెడోరా 15, 2015లో డెబియన్ 8 దాన్నే డిఫాల్ట్‌గా పెట్టుకున్నాయి. ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కు పునాది డెబియనే. హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ మిత్రులు తెలుగులోకి తెచ్చిన లినక్స్ గానీ, మన పిల్లలు కాలేజీ ల్యాబుల్లో చూసే ఉబుంటు గానీ ఈ కుటుంబంలోవే. సిస్టమ్‌డీ ఒకదాని కోసం ఒకటి ఆగనివ్వదు, వీలైనవన్నీ ఒకేసారి లేపుతుంది. అందుకే బూటింగు వేగం. కానీ పాత అంకెల వరసలో నోరు విప్పకుండానే దొరికిన భరోసా ఇప్పుడు లేదు. ఏది దేని తర్వాతో మనమే రాసివ్వాలి.

అక్కడ అందరూ తడబడే చోటు ఒకటుంది. రిక్వైర్స్ అనో వాంట్స్ అనో రాస్తే ఫలానా సర్వీసు నాకు కావాలి అని అడిగినట్టు. దాంతో ఆ రెండోదీ లేస్తుంది, కానీ రెండూ ఒకేసారి పరుగు తీస్తాయి. ఏది ముందు చేరుతుందో దైవాధీనం. ఆఫ్టర్ అని రాస్తే, అది లేచేదుంటే లేచాకే నేను అని అర్థం. కానీ దాన్ని లేపే పూచీ ఆఫ్టర్ తీసుకోదు. చాలామంది రెండింటిలో ఒకటి రాసి సరిపోయిందనుకుంటారు. కావడమూ కావాలి, తర్వాత రావడమూ కావాలంటే రెండూ రాయాలి. ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి. మామూలు సర్వీసు మొదలవగానే సిస్టమ్‌డీ దృష్టిలో అది లేచినట్టే, లోపల పని ముగియక్కర్లేదు. సెట్టింగ్ రాసే చిన్న సర్వీసులకు టైప్ దగ్గర వన్‌షాట్ అని పెట్టాలి. అప్పుడు ఆ రాత పూర్తయ్యాకే దాని వెనక వాటిని వదులుతుంది.

ముందుగా రాసినా చెడే సందర్భం ఒకటుంది. మీరు రాశాక ఇంకెవరో వచ్చి దిద్దేస్తారు. టీఎల్‌పీ, ట్యూన్డ్ లాంటి బ్యాటరీ పొదుపు సాఫ్ట్‌వేర్లు ఆన్ అయ్యాక తమ లెక్క ప్రకారం విలువలు వేసుకుంటాయి. వాటి తర్వాత నేనూ నడుస్తాను అని ఇంకో స్క్రిప్టు రాస్తే ఇవాళ్టికి గెలుస్తాం. చార్జర్ తీసి పెట్టగానే టీఎల్‌పీ లాంటివి మళ్లీ రాస్తాయి, మనం మళ్లీ ఓడతాం. నా మాట వింటే, ఒక సెట్టింగుకు ఒక్కరే యజమాని ఉండాలి. ఆ సాఫ్ట్‌వేర్ ఉంచదలిస్తే దాని సొంత కాన్ఫిగ్ ఫైల్లోనే మీ విలువ రాయండి. లేదా దాన్ని తీసెయ్యండి.

ఏసీపీఐ వేకప్ జాబితా కూడా జాగ్రత్తగా ముట్టుకోవలసిన చోటు. ప్రాక్ అనే ఫోల్డరులో ఉంటుంది. ఏ పరికరం యంత్రాన్ని లేపవచ్చో అందులో ఎనేబుల్డ్, డిసేబుల్డ్ అని కనిపిస్తుంది. అక్కడ పరికరం పేరు రాస్తే ఉన్న స్థితి తిరగబడుతుంది. ఉంటే పోతుంది, పోయి ఉంటే వస్తుంది. మీ స్క్రిప్టు ఏ కారణంగానైనా రెండుసార్లు నడిస్తే మొదటికే వస్తారు. ముందు చదివి, ఎనేబుల్డ్ అని ఉంటేనే రాసేలా స్క్రిప్టు ఉండాలి.

కెర్నల్ రాసేవాళ్లకు కూడా ఇదే తలనొప్పి. నిద్రపోయేటప్పుడు కెర్నల్ ముందు ప్రోగ్రాముల్ని కదలకుండా ఆపుతుంది. మామూలుగా 20 సెకన్లలో అవి ఆగకపోతే నిద్ర ప్రయత్నమే మానుకుంటుంది. ఆ తర్వాత మౌస్‌ను ఆపాకే అది వేలాడే హబ్బు, హబ్బును ఆపాకే దాన్ని నడిపే కంట్రోలరు. లేచేటప్పుడు సరిగ్గా తలకిందులు. తల్లీపిల్లల చుట్టరికం లేకుండా ఒకదాని మీద ఒకటి ఆధారపడే పరికరాలకు ఈ వరస చాలలేదు. ఎవరు ఎవరికి ఆధారమో విడిగా రాసుకునే ఏర్పాటు, డివైస్ లింక్స్, అదే 4.10 కెర్నల్లో చేర్చారు.

విండోస్ వాడేవాళ్లు ఇంకా ఎక్కువమంది కదా, వాళ్ల సంగతికి వస్తాను. విండోస్ 8 నుంచీ ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా యంత్రం పూర్తిగా కొత్తగా మొదలవదు. కెర్నల్‌ను, డ్రైవర్లను హైబర్నేట్ చేసి దాచి, మర్నాడు అదే తీసి వాడుకుంటుంది. డ్రైవరు ఒకసారి తప్పు స్థితిలో చిక్కుకుంటే రోజూ షట్‌డౌన్ చేసినా అదే స్థితి. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అన్నీ కొత్తగా లేస్తాయి. అందుకే నిద్ర సెట్టింగు మార్చాక పరీక్షకు రీస్టార్టే చెయ్యండి. ఒకే డిస్కులో విండోసూ లినక్సూ పెట్టుకున్నవాళ్లు ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యడమే మేలు. విండోస్ తన డిస్కును సగం తెరిచి నిద్రపోయి ఉంటుంది, లినక్స్ వచ్చి అందులో రాయబోతే ఫైళ్లకే ముప్పు. విండోస్ సర్వీసుల్లో ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్ అనే ఎంపిక చూసే ఉంటారు. మామూలుగా రెండు నిమిషాలు ఆగి లేపుతుంది. అదీ పది సెకన్ల కోవలోదే. సర్వీసుకు డిపెండెన్సీలు చెప్పే వీలున్నప్పుడు దాన్నే వాడాలి.

హైబర్నేట్‌లో వరస తప్పితే బ్యాటరీ పోవడంతో ఆగదు, చేసిన పని పోతుంది. డిస్కు మీద దాచిన ర్యామ్ బొమ్మను లేవగానే, ఇంకా ఏ ఫైల్ సిస్టమూ తెరవకముందే చదవాలి. ముందు డిస్కు తెరిచి రాతలు మొదలుపెట్టి, తర్వాత పాత బొమ్మ ఎక్కిస్తే, డిస్కు మీద ఒకటి, ర్యామ్‌లో ఇంకొకటి. ఫైళ్లు చెడిపోతాయి. అందుకే ఆ చదివే పనిని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే తొలి బుల్లి సిస్టమ్‌లోనే ముగిస్తారు. డిస్కుకు పాస్‌వర్డు తాళం వేసి ఉంటే ముందు తాళం తియ్యడం, తర్వాత బొమ్మ వెతకడం, ఆ తర్వాతే మిగతా డిస్కు తెరవడం. ఆ బొమ్మను దాచే స్వాప్ జాగాను మళ్లీ తయారుచేసినవాళ్లు దాని గుర్తింపు సంఖ్య మారిందని మరిచిపోతుంటారు. బూటింగులో యంత్రం పాత సంఖ్య కోసం కాసేపు ఎదురుచూసి, విసిగి, కొత్తగా లేస్తుంది. తెరిచి ఉంచిన బిల్లులన్నీ పోతాయి. కొత్త సంఖ్య రాసి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను మళ్లీ తయారుచేస్తేనే దారిలో పడుతుంది.

మన తీరంలో ఇది సరదా వ్యవహారం కాదు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం వస్తే బంటుమిల్లి, కృత్తివెన్ను మొదలు నాగాయలంక దాకా ఎప్పుడు కరెంటు పోతుందో, ఎప్పుడొస్తుందో చెప్పలేం. నేత, అద్దకం లెక్కలు, రొయ్యల చెరువుల మేత లెక్కలు, 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల దరఖాస్తులు, అన్నీ కంప్యూటర్ల మీదే. కునుకు మీదున్న ల్యాప్‌టాప్ బ్యాటరీ అర్ధరాత్రి అయిపోతే తెరిచిన పని గాల్లో కలిసినట్టే. కాబట్టి సీజను రాకముందే సస్పెండ్ దెన్ హైబర్నేట్ పెట్టుకోండి. ముందు మామూలు నిద్ర, మీరు చెప్పిన గడువు దాటితే డిస్కు మీద రాసుకుని పూర్తిగా ఆగిపోవడం. స్వాప్ కనీసం ర్యామ్ అంత ఉండేలా చూసుకుంటే నిశ్చింత.

పెట్టుకున్నాక పరీక్ష ఇలా చెయ్యండి. ముఖ్యమైన ఫైళ్లన్నీ సేవ్ చేసి మూసెయ్యండి. పనికిరాని ఒక కాగితం తెరిచి అందులో రెండు ముక్కలు టైపు చేసి, సేవ్ చెయ్యకుండా వదలండి. యంత్రాన్ని హైబర్నేట్ చేసి, చార్జర్ తీసి, కాసేపాగి ఆన్ చెయ్యండి. ఆ రెండు ముక్కలూ ఉన్నాయా చూడండి. లేకపోతే జర్నల్‌సీటీఎల్‌తో ఈ బూటు లాగ్ ఒకటి, అంతకుముందు బూటు లాగ్ ఒకటి తియ్యండి. ఏ సర్వీసు ఏ నిమిషానికి లేచిందో, దేనికి ఏ ఫైలు దొరకలేదో వరసగా రాసి ఉంటుంది. ఏదీ తొందరపడి మార్చకముందు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవండి. కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చెయ్యండి.